దూరపు పరుగు పందేల్లో పాల్గొనేవారికి ఏ కానుక ఇస్తే అక్కరకొస్తుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: కొండదారుల్లో 21, 50, 100 కిలోమీటర్ల మూడు విభాగాలతో తొలిసారి పరుగు పందెం పెడుతున్నారు. ఆరువందల మంది దాకా వస్తారని అంచనా. అందరూ ఇచ్చే టీషర్టు, మెడల్, సంచికే డబ్బు పెట్టాలా, లేక వచ్చినవారికి నిజంగా పనికొచ్చేది వేరే ఏదైనా ఉందా అని అడిగారు. ఇలాంటి పందేల్లో పాల్గొనేవారికిచ్చే వస్తువుల కిట్ల బాధ్యతను చాలా ఏళ్లుగా చూస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వస్తువుల సంఖ్య తగ్గించి, ఒక్కదాన్ని గట్టిగా చేయించండి. ఆ ఒక్కటీ మీ దారిలో పరుగెత్తేవారికి ఎదురయ్యే ఏదో ఒక నిర్దిష్టమైన ఇబ్బందిని తీర్చేదిగా ఉండాలి. వద్దనుకునేవారికి వద్దనే వీలు కూడా ఉండాలి.

మొదట, తీసుకునేవారెవరో చూడండి. 21 కిలోమీటర్ల విభాగంలో చాలామందికి అది మొదటి కొండదారి పరుగు అయి ఉంటుంది. వారికి పందెం పేరున్న టీషర్టు అపురూపమే, దాన్ని మర్నాడే వేసుకుని తిరుగుతారు కూడా. 100 కిలోమీటర్లకు పేరిచ్చేవారు అలా కాదు. వారు ఎన్నో పందేలు దాటుకుని అక్కడికి వస్తారు, వారి బీరువాలో ఇలాంటి టీషర్టులు అప్పటికే ఒక అర నిండా ఉంటాయి. మూడు విభాగాలకూ ఒకే సంచి ఇవ్వడం నిర్వాహకులకు సులువే, ఎందుకంటే ఆర్డరు ఒక్కటే, లెక్క ఒక్కటే. కానీ అలా చేసినప్పుడు ఎక్కువ రుసుము కట్టి, ఎక్కువ కష్టపడేవారికే అన్నిటికంటే తక్కువ ఉపయోగపడే వస్తువు అందుతుంది. విభాగానికొక నిర్ణయం తీసుకోండి, పని కాస్త పెరిగినా సరే.

తర్వాత, పరుగులో వాడుకోవడానికి ఇచ్చేదాన్నీ, పూర్తిచేసినందుకు గుర్తుగా ఇచ్చేదాన్నీ విడదీసి ఆలోచించండి. మొదటిది ముందురోజే చేతికందాలి, నాణ్యత బాగుండాలి, పేరిచ్చిన ప్రతి ఒక్కరికీ దక్కాలి. రెండోది ముగింపు గీత దగ్గర మాత్రమే ఇవ్వాలి. దాని విలువ లోహంలోనో గుడ్డలోనో లేదు, సంపాదించుకోవలసి రావడంలో ఉంది. ఈ రెండింటినీ కలిపేసి, ‘ఫినిషర్’ అని రాసిన టీషర్టును ముందురోజే సంచిలో పెట్టి ఇచ్చే పందేలు ఇప్పటికీ ఉన్నాయి. మధ్యలో ఆగిపోయినవారు దాన్ని వేసుకోలేరు, పారేయలేరు. పూర్తిచేసినవారికీ అది గెలుచుకున్నదిగా అనిపించదు. ముందురోజు ఇచ్చే దేనిమీదా ఆ మాట అచ్చు వేయించకండి.

గుర్తుగా ఇచ్చే వస్తువు ఖరీదైనది కానక్కర్లేదనడానికి పేరున్న పందేలే సాక్ష్యం. అమెరికాలోని వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పరుగును 24 గంటల లోపు పూర్తిచేస్తే వెండి బెల్టు బకిల్, 30 గంటల లోపు పూర్తిచేస్తే కంచు బకిల్ ఇస్తారు. అదే దారిలో జరిగే గుర్రపు స్వారీ పందెం నుంచి వచ్చిన ఆనవాయితీ అది. 1974లో గోర్డీ ఐన్స్‌లీ గుర్రం లేకుండా ఆ స్వారీ పందెంలో కాలినడకన పరుగెత్తి 24 గంటల లోపే పూర్తిచేశాడు, పరుగు పందేనికి బీజం అక్కడే పడింది. బకిల్‌కు ఒక కథా, ఒక గడువూ ఉన్నాయి కాబట్టి దానికోసం ఏళ్లతరబడి సాధన చేస్తారు. దక్షిణాఫ్రికాలో సుమారు 90 కిలోమీటర్లు సాగే కామ్రేడ్స్ మారథాన్‌లో ఇచ్చే మెడల్ చాలా చిన్నది, అయినా ఏ మెడల్ దక్కిందన్నదే అక్కడ పెద్ద చర్చ. 1921లో జరిగిన మొదటి పందేన్ని గెలిచిన బిల్ రోవన్ పేరిట, 9 గంటల లోపు వచ్చేవారికి ఒక మెడల్ ఉంది. పదిసార్లు పూర్తిచేసినవారికి ఆకుపచ్చ బిబ్ (ఒంటికి తగిలించుకునే నంబరు చీటీ) మీది నంబరు శాశ్వతంగా సొంతమవుతుంది, దాన్ని ఇంకెవరికీ కేటాయించరు. నిర్వాహకులకు ఆ నంబరు కోసం అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. మీ పందెం ఏటా జరగాలని మీరు అనుకుంటే, ఇలాంటి కొనసాగే గుర్తింపును మొదటి ఏడాదే ప్రకటించండి. మళ్లీ రావడానికి అంతకు మించిన ఆకర్షణను ఏ సంచిలోనూ పెట్టలేరు.

ఇక టీషర్టు. ఇవ్వాలనే నిర్ణయిస్తే, పరుగెత్తడానికి పనికొచ్చేదే ఇవ్వండి. పత్తి గాలిలోని తేమనే తన బరువులో ఏడెనిమిది శాతం దాకా పీల్చుకుంటుంది, పాలిస్టర్ అరశాతం కూడా పీల్చుకోదు. అందుకే చెమటతో తడిసిన నూలు టీషర్టు బరువెక్కి, చంకల్లో, ఛాతీ మీద ఒరుసుకుని పుండ్లు చేస్తుంది. 21 కిలోమీటర్లలో అది చిరాకు, 50 కిలోమీటర్లలో అది పందెం వదిలేయడానికి కారణం. అలాగని పాలిస్టర్ అయితే చాలనుకోవద్దు. గుడ్డ తూకం 120 నుంచి 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మధ్య ఉంటే పరుగుకు అనువుగా ఉంటుంది, అంతకంటే మందమైనది వేడిని పట్టి ఉంచుతుంది.

గుడ్డ మంచిదే ఎంచుకుని అచ్చు దగ్గర పాడుచేసిన టీషర్టులు నేను లెక్కలేనన్ని చూశాను. ఛాతీ అంతా పరుచుకున్న రబ్బరులాంటి స్క్రీన్ ప్రింట్ ఉన్న టీషర్టును ఒకసారి నీళ్లలో ముంచి ఒంటికి అద్దుకుని చూడండి. అచ్చు ఉన్నంతమేరా గాలి ఆడదు, ఆ భాగం చర్మానికి పలకలా అతుక్కుంటుంది, దాని అంచు కదిలినప్పుడల్లా గీరుతుంది. వీపు మీద పదిహేనుమంది స్పాన్సర్ల లోగోలు వరసగా వేస్తే ఇదే ఇబ్బంది రెండోవైపూ వస్తుంది, పైగా వీపు మీద నీళ్ల సంచి తగిలించుకునేవారికి అది మరీ నరకం. సబ్లిమేషన్ పద్ధతిలో రంగు దారంలోకే ఇంకిపోతుంది కాబట్టి చేతికి ఏమీ తగలదు. అయితే అది పాలిస్టర్ మీద, లేత రంగుల మీద మాత్రమే కుదురుతుంది. ముదురు రంగు గుడ్డే కావాలని పట్టుబడితే మామూలుగా స్క్రీన్ ప్రింట్‌కే వెళ్లవలసి వస్తుంది, అప్పుడు లోగోను అరచేయంతకు మించనివ్వకండి. స్పాన్సర్లకు ఈ విషయం మొహమాటం లేకుండా చెప్పండి: పెద్ద అచ్చున్న టీషర్టు ఒకసారి వేసుకుని మడిచిపెట్టేది, చిన్న అచ్చున్నది వారంవారం వీధిలోకి వచ్చేది. ప్రచారం దేనితో ఎక్కువ జరుగుతుందో వారికే తెలుస్తుంది.

కొలతల గొడవ ఎప్పుడూ ఉండేదే. ‘మీడియం’, ‘లార్జ్’ అని అడిగి ఊరుకోకుండా, పేరు నమోదు చేసే చోటే ఛాతీ చుట్టుకొలత, పొడవు సెంటీమీటర్లలో ఇవ్వండి. ఈ కొలతలు తయారీదారు చెప్పినవి కాక, చేతికొచ్చిన నమూనాను మీరే టేపుతో కొలిచినవి కావాలి. స్త్రీల కొలతలు వేరుగా కుట్టించండి. మగవారి టీషర్టులోనే చిన్న సైజు ఇచ్చి సరిపెట్టడం వల్ల భుజాలు జారి, నడుం దగ్గర బిగిసి, అది రాత్రి నిద్రకు మాత్రమే పనికొస్తుంది. నమూనా వచ్చాక దాన్ని ఐదుసార్లు ఉతికించి, మీ బృందంలో ఒకరిని వేసుకుని రెండు మూడు గంటలు పరుగెత్తమనండి. చంక కింది కుట్టు, మెడ వెనుక చీటీ ఏం చేస్తాయో అప్పుడే బయటపడుతుంది. పంపిణీ రోజున సైజులు మార్చుకోవడానికి ఒక బల్ల విడిగా వేయండి, కానీ మార్పిడి చివరి రెండు గంటల్లోనే అని ముందే ప్రకటించండి. లేకపోతే పొద్దున వచ్చినవారు తమకు నచ్చినవి తీసుకుపోతారు, సాయంత్రం వచ్చినవారికి తాము అడిగిన సైజే మిగలదు.

కొండదారి పందేనికి నేను టీషర్టు కంటే ముందు పరిశీలించేది మడతపెట్టే కప్పు, లేదా మెత్తని నీళ్ల సీసా. దారిలో నీళ్లు, తిండి అందించే ఎయిడ్ స్టేషన్లలో వాడి పారేసే కప్పులు పెట్టని పందేలు పెరిగాయి. ఆల్ప్స్‌లోని మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ జరిగే యూటీఎంబీ పరుగులో కనీసం 15 సెంటీలీటర్లు పట్టే కప్పును ఎవరిది వారే తెచ్చుకోవాలి, అది తప్పనిసరి సామగ్రి జాబితాలో ఉంటుంది. మీరూ అదే నియమం పెట్టి, ఆ కప్పును మీరే ఇస్తే మూడు పనులు ఒకేసారి అవుతాయి. దారి పొడవునా చెత్త తగ్గుతుంది, వేల కప్పులు కొని మోయించే ఖర్చు తప్పుతుంది, పాల్గొనేవారికి ఆ రోజే పదిసార్లు వాడే వస్తువు దొరుకుతుంది. తర్వాతి పందెంలో వారు మీ పేరున్న కప్పుతోనే నీళ్లు పట్టుకుంటారు. మెత్తని సీసా ఇవ్వదలచుకుంటే 500 మిల్లీలీటర్లది తీసుకోండి. నీళ్లూ సామానూ మోసుకెళ్లడానికి తొడుక్కునే పరుగు వెస్టుల ముందు జేబులు మామూలుగా ఆ కొలతకే సరిపోతాయి. ఆర్డరుకు ముందు నమూనాను నీళ్లతో నింపి, మూత బిగించి, ఒక బరువైన పుస్తకం కింద రాత్రంతా పడుకోబెట్టండి. పొద్దున కింద తడి ఉంటే ఆ తయారీదారును వదిలేయండి. నీళ్లకు ప్లాస్టిక్ వాసన పడుతుందేమో కూడా అప్పుడే రుచి చూసి తేల్చుకోండి.

మెడకు, తలకు, ముంజేతికి దేనికైనా చుట్టుకునే గొట్టంలాంటి గుడ్డను పరుగువారందరూ బఫ్ అనే అంటారు. దానికి సైజుల బెడద లేదు, బరువు లేదు, అచ్చు చక్కగా పడుతుంది. ఎండలో తడిపి మెడకు వేసుకోవచ్చు, చలిలో చెవులు కప్పుకోవచ్చు. ఎంచుకోవడానికి సమయం లేకపోతే కళ్లు మూసుకుని దీనికి ఓటేయవచ్చు. మేజోళ్లు కూడా మంచివే. రెండు మూడు సైజులతో అందరికీ సరిపోతాయి, కాకపోతే చవకరకం మేజోళ్లు బొబ్బలు తెస్తాయి కాబట్టి, మంచివి కొనగలిగితేనే ఆ జోలికి వెళ్లండి. బిబ్‌ను నడుముకు కట్టుకునే పట్టీ కూడా తక్కువ ఖర్చులో ఎక్కువకాలం పనికొచ్చేదే, ముఖ్యంగా పిన్నులతో ఖరీదైన చొక్కాకు చిల్లులు పొడవడం ఇష్టంలేనివారికి. ఈత, సైకిల్, పరుగు మూడూ ఉండే ట్రయాథ్లాన్‌లలో ఈత టోపీ ఇచ్చే పద్ధతి చూసే ఉంటారు. విడతలవారీగా బయల్దేరేవారికి ఒక్కో విడతకు ఒక్కో రంగు టోపీ పెడితే నీళ్లలో ఎవరు ఏ విడతలోవారో కాపలావారికి దూరం నుంచే తెలుస్తుంది. నిర్వహణకు అవసరమైన వస్తువే కానుకగా మారడం అంటే అదే. మీ పందెంలో అలాంటిది ఏముందో వెతకండి.

భద్రత సామగ్రి విషయంలో మాత్రం జాగ్రత్త. తప్పనిసరి జాబితాలోని అల్యూమినియం పూత దుప్పటి, ఈల మీరే ఇవ్వవచ్చు, అవి చవకలోనూ పనిచేస్తాయి. ఈల అయితే ఊది చూడండి, అలంకారానికి చేసినవి కొన్ని మోగవు. తలకు కట్టుకునే దీపం, అంటే హెడ్‌ల్యాంప్, మాత్రం కానుకగా ఇవ్వకండి. చవక దీపాన్ని మీరిచ్చారంటే, అది సరిపోతుందని మీరు హామీ ఇచ్చినట్టే పాల్గొనేవారు భావిస్తారు. రాత్రి వేళ రాళ్ల దారిలో అది ఆరిపోతే, పడేది వారు, జవాబు చెప్పవలసింది మీరు.

పరుగులో శక్తికోసం మింగే జెల్ పొట్లాలు, శక్తినిచ్చే పానీయాల పొడి చాలామంది స్పాన్సర్లు ఉచితంగా ఇస్తామంటారు. పందెం రోజున కొత్తదేదీ కడుపులోకి పంపకూడదన్నది పరుగువారందరికీ తెలిసిన నియమం. మీరు ముందురోజు సంచిలో పెట్టిన పొట్లం ఆ నియమాన్ని తప్పించే ప్రలోభం. కెఫీన్ ఉన్న జెల్ అయితే అలవాటు లేనివారికి గుండెదడ, విరేచనాలు రావచ్చు. దారిలో ఎయిడ్ స్టేషన్లలో ఏ జెల్ పెడతారో రెండు మూడు నెలల ముందే చెప్పి, దాని నమూనాను సాధనకు వాడుకునేలా అప్పుడే అందించగలిగితే అది నిజమైన సాయం. అది కుదరకపోతే, గడువు తేదీ చూసి, పదార్థాల చీటీ చిరగకుండా, పందెం అయ్యాక ఇవ్వండి. కరపత్రాలూ, రాయితీ కూపన్లూ నేరుగా ఈమెయిలుకు పంపవచ్చు. కాగితాల కట్టను సంచిలో వేసేది చెత్తబుట్టకు చేరవేయడానికే.

ముగింపు గీత దగ్గర ఇచ్చేదాని గురించి నిర్వాహకులు తక్కువ ఆలోచిస్తారు, పాల్గొనేవారు ఎక్కువ గుర్తుంచుకునేది అదే. నవంబరు చలిలో జరిగే న్యూయార్క్ సిటీ మారథాన్‌లో చాలామందికి చివర్లో ఒంటినిండా కప్పుకునే పొంచో ఇస్తారు. పూర్తిచేసినవారు దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఏళ్లపాటు దాచుకుంటారు. చలి వేస్తున్న సమయంలో అందిన వస్తువు కాబట్టే దానికి అంత ఆదరణ. మీ 100 కిలోమీటర్లవారికి రాత్రంతా పరుగెత్తాక పాదాలు వాచి, బూట్లు విప్పితే మళ్లీ ఎక్కవు. వారికి పందెం గుర్తున్న మామూలు రబ్బరు చెప్పుల జత, కాస్త వదులు సైజులో ఇచ్చి చూడండి. టీషర్టు కంటే తక్కువ ఖర్చవుతుంది, బండి దాకా నడిచి వెళ్లేవారు మిమ్మల్ని దీవిస్తారు. అల్యూమినియం దుప్పటి ఇస్తే, తడి బట్టలు మార్చుకునే చోటు కూడా చూపించండి. ఆ దుప్పటి ఒంటి వేడిని నిలుపుతుందే తప్ప కొత్తగా వేడిని పుట్టించదు.

మెడల్ మానేయమని నేను చెప్పను, 21 కిలోమీటర్లవారు ఊరుకోరు. కానీ లోహపు బిళ్ల మీద ఏడాదీ దూరమూ వేయించకుండా వాటిని రిబ్బను మీద అచ్చు వేయిస్తే, మిగిలిపోయిన బిళ్లలు వచ్చే ఏడాదికి పనికొస్తాయి, మూడు దూరాలకూ ఒకే అచ్చుపోత చాలు. ఏడాది బిళ్ల మీదే ఉండాలని పట్టుబట్టేవారు ఉంటారు, వారి మాటా కొట్టిపారేయదగింది కాదు. మొదటి పందెంలో ఎందరు వస్తారో, ఎందరు పూర్తిచేస్తారో తెలియని మీకు మాత్రం రిబ్బనే క్షేమం. బరువు పెంచితే గొప్పగా ఉంటుందనుకోవద్దు. బరువైన బిళ్లకు పలుచని కొంకీ అతికితే అది మెడలో పడిన గంటకే ఊడిపోతుంది, నమూనాను రిబ్బనుతో పట్టుకుని గట్టిగా నాలుగుసార్లు ఊపితే తెలిసిపోతుంది. గడువు దాటి వచ్చినవారికి, మధ్యలో ఆగినవారికి మెడల్ ఇవ్వకండి. ఇస్తే మిగిలినవారి మెడల్ విలువ పోతుంది. ముందురోజు ఇచ్చిన వస్తువు మంచిదైతే వారు ఉత్తచేతులతో పోయినట్టు కాదు.

వద్దనే వీలు గురించి. దూరపు సైకిల్ ప్రయాణాల్లో ఆడాక్స్ సంప్రదాయంలోని బ్రెవెలకు (దారిలో కార్డు మీద ముద్రలు వేయించుకుంటూ గడువులోగా ముగించే ప్రయాణాలకు) ఈ విషయంలో మంచి పద్ధతి ఉంది: పూర్తిచేసినవారిలో మెడల్ కావాలన్నవారే విడిగా డబ్బు కట్టి తీసుకుంటారు, మిగిలినవారికి ముద్రలు పడిన కార్డు, నమోదైన ఫలితం చాలు. మీరూ నమోదు పత్రంలో టీషర్టుకు, మెడల్‌కు వేర్వేరుగా ‘కావాలి’, ‘వద్దు’ పెట్టండి. వద్దన్నవారికి ఆ వస్తువు ఖరీదును రుసుములో నిజంగా తగ్గించండి. తగ్గించకుండా ‘పర్యావరణం కోసం వదులుకోండి’ అంటే, మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి పోయిందని అడుగుతారు, అడగడం న్యాయమే. బదులుగా చెట్టు నాటుతామని చెప్పదలచుకుంటే, ఏ స్థలంలో, ఏ మొక్క, ఎవరి సంరక్షణలో అన్నది రాయండి. మొక్క పాతడం ఒక పూట పని, బతికించడం మూడునాలుగేళ్ల పని.

అసలు ఏమీ ఇవ్వకపోయినా జనం ఎగబడే పందేలూ ఉన్నాయి. అమెరికాలోని అతి కఠినమైన కొండదారి పరుగు బార్క్లీ మారథాన్స్‌కు దరఖాస్తు రుసుము 1.60 డాలర్లు, పైగా మొదటిసారి వచ్చేవారు తమ ప్రాంతపు వాహన నంబరు పలకను నిర్వాహకుడికి తెచ్చి ఇవ్వాలి. అక్కడ కానుక ఎదురు దిశలో ప్రయాణిస్తుంది. దాన్ని మీరు అనుకరించలేరు, అనుకరించనక్కర్లేదు కూడా. కానీ సంచి బరువును చూసి ఎవరూ 100 కిలోమీటర్లకు పేరివ్వరని బృందంలో ఎవరికైనా నచ్చజెప్పవలసి వస్తే ఈ ఉదాహరణ పనికొస్తుంది.

వాలంటీర్లను మరచిపోవద్దు. మిగిలిపోయిన సైజుల టీషర్టులు వారికి పంచేయడం చాలాచోట్ల జరుగుతుంది. రాత్రి రెండు గంటలకు కొండమీద నీళ్లు పోసేవారికి దూరం నుంచే గుర్తుపట్టగల వేరే రంగు, పొడవు చేతులున్న మందపాటి చొక్కా కావాలి, అది పాల్గొనేవారిదాని కంటే మేలైనదైనా నష్టం లేదు. అలా చేసిన పందెంలో వాలంటీరుగా ఉండడానికి మరుసటి ఏడాది పేర్లు వాటంతట అవే వస్తాయి.

మీ పందేనికి నేనైతే ఇలా చేస్తాను. మూడు విభాగాలవారికీ ముందురోజు మడతపెట్టే కప్పు, దారిలో వాడి పారేసే కప్పులు పూర్తిగా రద్దు. 21 కిలోమీటర్లవారికి కోరుకుంటే సబ్లిమేషన్ టీషర్టు, ముగింపులో మెడల్. 50 కిలోమీటర్లవారికి బఫ్, మెడల్. 100 కిలోమీటర్లవారికి ముగింపులో చెప్పులు, కూర్చుని తినడానికి వేడి భోజనం, బకిల్‌లాంటి వేరే గుర్తు, దానికి ఒక గడువు. సంచి అసలు వద్దు, కప్పును బిబ్‌తోపాటు కవరులో పెట్టి ఇస్తే చాలు. సంచి మీద, మూడో నాలుగో వస్తువు మీద మిగిలిన డబ్బును రాత్రి ఎయిడ్ స్టేషన్లకు మళ్లించండి. ఆర్డర్లు నమోదు ముగియకముందే పెట్టవలసి వస్తుంది కనుక, ఫలానా తేదీ తర్వాత చేరేవారికి టీషర్టు సైజు హామీ లేదని పత్రంలోనే రాయండి, ఆ మాట మీద నిలబడండి.

పందెం ముగిసిన సాయంత్రం పంపిణీ బల్ల కింద మిగిలినవి ఏవో, చెత్తబుట్టల్లో తేలినవి ఏవో ఒకరిచేత రాయించండి. పాల్గొన్నవారికి ప్రశ్నావళి పంపేటప్పుడు ‘కిట్ నచ్చిందా’ అని మర్నాడే అడగకండి, ఆ ఊపులో అందరూ నచ్చిందనే అంటారు. రెండు నెలలు ఆగి, ‘మేమిచ్చినవాటిలో గత వారం ఏది వాడారు’ అని ఒక్కటే అడగండి.